బొమ్మ సింహమును నిజసింహమును

గడచిన విద్యాసంవత్సరమున రెండు శనివారములు వరుసగా మా పాఠశాల హాలులో ఏడవ తరగతి బాలబాలికలకు రెండు చలనచిత్రములను చూపించితిమి. రెండింటికిని పేరొకటియే, కథయు నొకటియే. ఆ పేరు 'ది లయన్ కింగ్'. మొదటిది అమెరికా దేశపు డిస్నీ సంస్థవారు 1994వ సంవత్సరమున చేతితో గీసిన బొమ్మలతో నిర్మించినది. రెండవది ఆ సంస్థవారే 2019వ సంవత్సరమున కంప్యూటర్లతో నిర్మించినది. దానిని చూచువారికి నిజమైన యడవిలో నిజమైన సింహములను కెమెరాతో పట్టి తెచ్చినట్లే తోచును.

కథ మా చదువరులలో ననేకులకు తెలిసినదే. సింహరాజగు ముఫాసా తన కుమారుడగు సింబాను మృగముల తొక్కిసలాటనుండి కాపాడి, తమ్ముని ద్రోహమువలన తాను మరణించును. చిన్నసింహము తండ్రిని తట్టి లేపజూచి, లేవకపోగా, ఆ చల్లబడిన చేతిక్రింద దూరి పండుకొనును. మొదటి శనివారమున ఈ ఘట్టము వచ్చినపుడు హాలంతయు నిశ్శబ్దమయ్యెను. వెనుక బల్లమీది బాలిక యొకతె చున్నీతో కన్నులు తుడుచుకొనుట చూచితిమి. ఆ చిత్రము ఇంగ్లీషున నున్నందున మేమే మధ్యమధ్య నిలిచి తెలుగున కథ చెప్పవలసి వచ్చినది. ఐనను పిల్లలు ఏడ్చిరి.

రెండవ శనివారపు చిత్రము తెలుగుననే యుండెను. సింబాకు నానియు, పుంబా యను అడవిపందికి బ్రహ్మానందమును, టిమోనునకు ఆలీయు గొంతు నిచ్చియున్నారు. పిల్లలు వారి మాటలకు పకపక నవ్విరి. కాని తండ్రి మరణించు ఘట్టము వచ్చినపుడు ఎవరికిని కంట తడి పెట్టలేదు. జూలులోని వెండ్రుకలు గాలికి కదలు తీరును, మృగముల కాళ్లక్రింద లేచిన దుమ్మును చూచి "అబ్బో!" యని వింతపడిరి. "ఇది యెట్లు తీసినారండి?" అని యడిగిరి. కథ ముందే తెలిసినది గనుక ఏడ్వలేదని కొందఱనవచ్చును. మేమును మొదట అట్లే తలచితిమి. ఆ సంశయము తీర్చుకొనుటకై, తరగతిలో తఱచు మాటలాడని యొక బాలుని పిలిచి, ఏది నచ్చినదని యడిగితిమి. అతడు కొంతసేపు ఆలోచించి, "మాస్టారండీ, ఈ సింహము నిజము సింహమేనండి. అందుకనే దాని మనసులో ఏమున్నదో తెలియలేదండి" అనెను.

ఆ మాట వినినది మొదలు మేము ఈ విషయమును మఱచిపోలేకున్నాము. అందుచేత ఈ యేటి సంచికలో మా యభిప్రాయమును తలిదండ్రులయెదుటను, విద్యార్థుల యెదుటను, తోడి యుపాధ్యాయుల యెదుటను ఉంచుచున్నాము.

యానిమేషన్ అనెడి బొమ్మల చిత్రములను మనుష్యులతోను, నిజమని తోచు మృగములతోను మరల తీయుట నేడు హాలీవుడ్డులో పెద్ద వ్యాపారమైనది. దీనికి లైవ్ యాక్షన్ అని పేరు. 1951లో బొమ్మలతో తీసిన 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' 2010లో నటులతో మరల వచ్చి నూఱు కోట్ల డాలర్లకు మించి గడించెను. అటుపిమ్మట వరుస తెగలేదు. 1950 నాటి 'సిండరెల్లా' 2015లోను, 1967 నాటి 'జంగిల్ బుక్' 2016లోను, 1991 నాటి 'బ్యూటీ అండ్ ది బీస్ట్' 2017లోను, 1941 నాటి 'డంబో', 1992 నాటి 'అల్లాద్దీన్' 2019లోను, 1989 నాటి 'లిటిల్ మెర్మెయిడ్' 2023లోను క్రొత్త వేషములతో వచ్చినవి. 2019 నాటి 'లయన్ కింగ్' నూటయఱువది కోట్ల డాలర్లకు పైగా సంపాదించెను. 2025లో వచ్చిన 'స్నో వైట్' మాత్రము పెట్టిన సొమ్మునైనను రాబట్టలేకపోయెను. ఐనను ఆ సంవత్సరముననే వచ్చిన 'లిలో అండ్ స్టిచ్' నూఱు కోట్లు దాటినది గనుక వర్తకులు వెనుదీయలేదు.

తల్లిదండ్రులు తాము చిన్ననాట చూచినదానిని తమ బిడ్డలకు చూపవలెనని కోరుదురు. పేరు తెలిసిన కథకు టిక్కెట్టు కొనుట సులభము. ఇది లోకసహజము. లాభముకొఱకు తీసినంతమాత్రమున చిత్రము చెడ్డది కానేరదు. మా విమర్శ అది కాదు.

ఒకసారి చెప్పిన కథను మరల చెప్పరాదనియు మేమనము. తెలుగువారమైన మనము ఆ మాట యననే కూడదు. వాల్మీకి చెప్పిన రామకథను మొల్ల మరల చెప్పలేదా? ఆమె చెప్పినందున మనకు లాభమే గాని నష్టము కలుగలేదు. సిండరెల్లా కథను ఫ్రాన్సు దేశమున పెఱోల్ట్ 1697లో వ్రాయగా, జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో తమ రీతిని చెప్పిరి. మన సినిమాలలోనే చూడుడు. శశిరేఖా పరిణయ కథ తెలుగున 1936లోనే చలనచిత్రముగా వచ్చియుండెను. ఐనను కె. వి. రెడ్డి 1957లో దానిని 'మాయాబజార్'గా మరల తీసినందుకు ఎవరు విచారింతురు? మార్కస్ బార్ట్లే కెమెరా పనితనమున వివాహభోజనపు లడ్లు తమంతట తామే లేచి ఎస్. వి. రంగారావు నోటిలోనికి పోవుచుండగా చూచి మూడు తరముల పిల్లలు నవ్వినారు. మనుష్యులతో తీసిన చిత్రమున అద్భుతరసము పండదని ఎవరైన అన్నచో ఆ యొక్క పళ్లెరమే వారికి ప్రత్యుత్తరము.

అట్లైన మా యాక్షేపణ యెక్కడ? మరల చెప్పువాడు తన మాట యొకటి చెప్పవలెను. మొల్లకు తన మాట యుండెను. కె. వి. రెడ్డికి తన మాట యుండెను. కథలో నేమియు క్రొత్తగా చెప్పక, "ముందుది బొమ్మ మాత్రమే, ఇదిగో నిజము" అని చెప్పుటకే తీసిన చిత్రము మనకు కథను మరల చెప్పుట లేదు, మొదటి కథను చిన్నబుచ్చుచున్నది.

ఈ భేదమును తెలిసికొనుటకు ఒకే దర్శకుని రెండు చిత్రములను చూచిన చాలును. 2016 నాటి 'జంగిల్ బుక్'ను, 2019 నాటి 'లయన్ కింగ్'ను తీసినవాడు జాన్ ఫావ్రో యనునతడే. మొదటిదానిని మేము మనసార మెచ్చుకొందుము. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో ప్రకటించిన గ్రంథమున మౌగ్లీ యను బాలుని కథ మన దేశమున, సియోనీ కొండలలో, నేటి మధ్యప్రదేశములో జరుగును. 1967లో డిస్నీవారు దానిని పాటలతోను హాస్యముతోను నిండిన బొమ్మల చిత్రముగా మార్చిరి. అందులో తుదకు మౌగ్లీ నీళ్లు తోడ వచ్చిన పల్లెపడుచు వెంట నూరిలోనికి పోవును. 2016 నాటి చిత్రమున అతడు అడవిలోనే నిలుచును. ఇది చిన్న మార్పు కాదు. మనుష్యుడై పుట్టినవాడు తన చేతి నేర్పును దాచుకొనక, అడవికి ద్రోహము చేయక, రెండింటితోను బ్రదుకగలడా యను ప్రశ్నను ఆ చిత్రము తన స్వంత ప్రశ్నగా వేసికొనెను. నీల్ సేఠీ యను బాలుడొక్కడు మాత్రమే నిజము. చుట్టునున్న అడవియు మృగములును లాస్ ఏంజెలీస్ నగరపు స్టూడియోలో కల్పించినవి. బెంగుళూరులోని మన చిత్రకళాకారులును ఆ పనిలో పాలుగొనిరి. ఆ యేటి ఆస్కార్ బహుమానములలో దృశ్యకల్పనకు గల బహుమానము దానికి లభించుట న్యాయమే. నిజమైన బాలుడు కల్పిత మృగముల నడుమ ఒంటరిగా నిలిచినపుడు మనకు కలుగు భయము బొమ్మల చిత్రమున కలుగదు. అనగా ఆ క్రొత్త రూపమునకు పని యున్నది.

'లయన్ కింగ్' విషయము వేఱు. అందులో మనుష్యుడు లేడు. మృగములు మాత్రమే. మొదటి సూర్యోదయపు దృశ్యమొక్కటి తప్ప తక్కినదంతయు కంప్యూటరులో కల్పించినదేనని దర్శకుడే తెలిపియున్నాడు. అందుచేత దానిని నిజచిత్రమనుటయు సరికాదు. అదియు నొక బొమ్మయే. బొమ్మనని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్న బొమ్మ. 1994 నాటి చిత్రము ఎనుబదియెనిమిది నిమిషములు. 2019 నాటిది నూటపదునెనిమిది నిమిషములు. కథలో మాత్రము అరగంటకు తగిన క్రొత్తమాట మాకు కనబడలేదు.

మొదటి చిత్రమును గీసినవారు నిజసింహమును ఎఱుగనివారు కారు. వారు సింహమును తమ స్టూడియోకే రప్పించుకొని, అది కూర్చుండు తీరును, నడచు తీరును చూచి గీసికొనిరి. అంతకు ముందు 1937లో 'స్నో వైట్' చిత్రమును తీసినపుడును మార్జొరీ బెల్చర్ అను యువతిచే నటింపజేసి, ఆమె కదలికలను చూచియే రాకుమార్తెను గీసిరి. నిజమును చూచిన పిదప వారు దానిలో కొంత విడిచిపెట్టిరి. విడిచిపెట్టుటయే వారి విద్య. సింహమునకు కనుబొమ్మలు లేవు, వారు పెట్టిరి. సింహపు పెదవి దుఃఖమున వణకదు, వారు వణకించిరి. ఆ రెండు గీతలవలన తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డ మనకు కనబడెను. క్రొత్త చిత్రమువారు లక్షల వెండ్రుకలను కూర్చిరి గాని, సింహము సింహమువలెనే యుండవలెనను నియమమునకు కట్టుబడి, ఆ రెండు గీతలను తీసివేసిరి. ముఖము అందమైనది, మనస్సు కానరాలేదు. మా విద్యార్థి చెప్పినది ఇదియే.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి పాఠములలో నొకటి నల్లబల్లమీద గీయు విధానము. మా గురువుగారు సుద్దముక్కతో రెండు వంపుగీతలు గీసి, "ఇది యేమి?" అనిరి. "పక్షి" యని అందఱము పలికితిమి. "దీనికి ఈకలేవి? కన్నేది? మీరెందులకు పక్షి యన్నారు?" అని యడిగి, "మిగిలినదంతయు మీరు గీసినారు. పాఠమున విద్యార్థి చేయవలసిన పని కొంత మిగుల్చుడు" అని బోధించిరి. భూగోళ పాఠమున కృష్ణానదిని ఒక్క గీతతో చూపుదుము. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రమున నిసుక తిన్నెలు, మబ్బులు, పొలములు అన్నియు నుండును; నది యెటు పోవుచున్నదో బిడ్డకు గీతలోనే తెలియును. 1947లో వెలువడిన 'చందమామ' పత్రికను చదివి పెరిగిన తలిదండ్రులను అడుగుడు. భుజముమీద శవముతో నడచు విక్రమార్కుని శంకర్ గీసిన బొమ్మను చూచి వారెంత భయపడిరో చెప్పుదురు. ఆ బొమ్మ కదలలేదు, పలుకలేదు. చదువు బిడ్డయే దానిని నడిపించెను.

ఇచ్చట మా తప్పిదము నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, మేము అప్పుడు పనిచేసిన వేఱొక పాఠశాలలో చిత్రలేఖనపు పోటీకి న్యాయనిర్ణేతగా నుంటిమి. విషయము ఎద్దు. ఒక బాలుడు కాలెండరులోని ఎద్దును చూచి చక్కగా, కొమ్ము వంపుతోసహా, ఎక్కించెను. ఆఱవ తరగతి బాలిక యొకతె తమ యింట అమ్మివేసిన ఎద్దును గీసెను. తల శరీరముకంటె పెద్దది. కన్ను తలలో సగము. ఆ కన్నునుండి నీరు కారుచుండెను. మేము ఎఱ్ఱసిరాతో "ఎద్దు ఇట్లుండదు" అని వ్రాసి, కాలెండరు ఎద్దునకు బహుమాన మిచ్చితిమి. మఱుసటి సంవత్సరమున ఆ బాలిక పోటీకి వచ్చినది. ఒక కాలెండరులోని గులాబీపువ్వును, గళ్లు గీసికొని, ఒక గీతయు తప్పకుండ దింపినది. ఆ పువ్వునకు మూడవ బహుమానము లభించినది. ఆమె ఆ బహుమానమును తీసికొని పోవుచుండగా మాకు సంతోషమే కలిగెను. ఇరువది సంవత్సరముల పిమ్మట, ఆ శనివారమున, ఏడవ తరగతి బాలుని మాట వినినపుడు గాని మేము చేసినదేమో మాకు తెలియలేదు.

కావుననే ఈ చిత్రముల విషయమున మా చింత. ఇవి చూచి బిడ్డలు చెడిపోవుదురని మా భయము కాదు. ఇవి వరుసగా వచ్చుచుండగా, ఎవరును నోట ననకయే, ఒక పాఠము వారికి నేర్పబడుచున్నది. ఆ పాఠమేమనగా, బొమ్మ చిత్తుప్రతి, ఛాయాచిత్రము సాఫుప్రతి యనునది. 2025లో 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్' చిత్రమును 2010లో బొమ్మలతో తీసిన దర్శకద్వయములోని డీన్ డెబ్లాయే నటులతో మరల తీసెను. తాను గీయించిన మంచి చిత్రమును తానే సాఫుచేయవలసి వచ్చినపుడు, ఆఱవ తరగతి బాలిక తన పెద్దకన్నుల ఎద్దును ఏమని నమ్ముకొనును?

న్యాయము చెప్పవలెనన్న, సాఫుచేయదగినవియు పాతవానిలో కలవు. 1941 నాటి 'డంబో'లో కాకుల వేషమున నల్లజాతివారిని ఎగతాళి చేసిరి. 2019 నాటి చిత్రమున ఆ కాకులు లేవు. అది మంచి పని. ఒకరిని కించపఱచిన గీతను తుడిచివేయుట అందఱకును ధర్మము. కాని పాత 'డంబో' అఱువదినాలుగు నిమిషములే. అందలి ఏనుగుపిల్ల ఒక్క మాటయు పలుకదు. సంకెళ్లతో బండిలో బంధింపబడిన తల్లి కమ్ములనడుమ తొండము చాచి బిడ్డను ఊయలవలె నూపును. ఆ దృశ్యమునకు నిజమైన తోలు ముడుతలు చేర్చి, కథను నూటపండ్రెండు నిమిషములకు సాగదీసినందున తల్లిప్రేమ ఇనుమడించినదని మేము చెప్పజాలము. మన 'మాయాబజార్'కును 2010లో రంగులు వేసి మరల విడుదల చేసిరి. రంగులు ముచ్చటగానే యుండెను. ఐనను ఘటోత్కచుని భోజనమున లడ్డు ఒక్కటియు హెచ్చలేదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. మీ బిడ్డలను క్రొత్త చిత్రమునకు తీసికొనిపోవుటకు సందేహింపవలదు. పాతదానిని ముందు చూపుడు. ఇంటికి వచ్చిన పిమ్మట "ఎంత నిజముగా నున్నదో చూచితివా?" అని యడుగక, "ఆ సింహము అప్పుడేమనుకొన్నది?" అని యడుగుడు. బిడ్డ చెప్పగలిగినచో చిత్రము మంచిదే, ఏ విధముగా తీసినను.

తోడి యుపాధ్యాయులకు మేము చెప్పునది మేము నేర్చుకొన్నదియే. చిత్రలేఖనపు పుస్తకములు దిద్దునపుడు "ఇట్లుండదు" అను మాట వ్రాయుటకు ముందు బిడ్డను పిలిచి, ఇట్లేల గీసితివని అడుగవలెను. వచ్చు సంవత్సరపు పోటీలో చూచి గీసినదానికి వేఱుగను, తలచి గీసినదానికి వేఱుగను బహుమానము లుండవలెనని ప్రధానోపాధ్యాయులవారిని కోరియున్నాము. వారు అంగీకరించిరి.

విద్యార్థులారా, డిసెంబరులో మన క్రిస్మసు నాటకము మీకు జ్ఞాపకమున్నది గదా. గొల్లలతో వచ్చిన గొఱ్ఱె మూడవ తరగతి బాలుడు. వానిపై తెల్లని దుప్పటి, చెవులకు రెండు మేజోళ్లు. నాటకము నడుమ మేజోడు ఒకటి జాఱి పడగా వాడు దానిని మరల తగిలించుకొని "మే" యనెను. హాలులోని మూడువందలమందిలో నిజమైన గొఱ్ఱె కావలెనని ఎవరును అడుగలేదు. ఈ సంవత్సరము నిజమైన గొఱ్ఱెను తెచ్చెదమని ఒక పెద్దమనుష్యుడు దయతో చెప్పియున్నారు. వారికి మా వందనములు. దుప్పటిని ఉదికి సిద్ధముగా నుంచితిమని తెలియజేసికొనుచున్నాము.